ఎద్దుల లెక్క లేని యుద్ధాలు

కృష్ణగిరి కోట ఉన్నది చుట్టూ ఉన్న నేల నుంచి సుమారు 800 అడుగులు నిట్టనిలువుగా లేచిన బండ మీద. 1767లో ఈస్టిండియా కంపెనీ సైన్యం దాన్ని ఎక్కబోయి వెనక్కి తిరిగింది. చుట్టూ దిగ్బంధం చేసి కూర్చున్నాక, 1768లో గానీ లోపలివాళ్లు లొంగలేదు. తర్వాతి సంధిలో కోట మళ్లీ మైసూరుకు వెళ్లింది. 1791 నవంబరు 7న కర్నల్ మాక్స్‌వెల్ మనుషులు చీకట్లో కింది కోటనూ పేటనూ పట్టుకుని, వెనక్కి పరుగెత్తుతున్న కాపలా దళాన్ని తరుముతూ పైకోట గుమ్మం దాకా వెళ్లారు. పైనుంచి బండరాళ్లు దొర్లాయి. నిచ్చెనలు ఎత్తబోయినవాళ్లు నలిగిపోయారు. మిగిలినవాళ్లు దిగిపోయారు. చివరికి 1792 మార్చిలో శ్రీరంగపట్నం సంధితో, ఈ కోట ఉన్న బారామహల్ సీమ అంతా కంపెనీకి దక్కినప్పుడు ఈ కోట కూడా అందులో భాగంగా చేతులు మారింది. దాడి చేసి కంపెనీ దీన్ని గెలిచింది లేదు.

ఇప్పుడు ఈ కోటను ఒక కంప్యూటర్ యుద్ధపు ఆటలోకి తేవాలి. చాలా స్ట్రాటజీ ఆటల ఇంజన్లలో కోట అంటే ఇంత బలం అని అంకె వేసిన గోడ. గుండు తగిలిన ప్రతిసారీ అంకె తగ్గుతుంది. సున్నాకు రాగానే గోడ కూలుతుంది, దళాలు లోపలికి జొరబడతాయి. కృష్ణగిరిలో అసలు అడ్డంకి కొండ. కింద నిలబెట్టిన ఫిరంగి మూతి అంత ఎత్తుకు లేవదు, లేచినా గుండు పడేది బండ మీద. ఉన్నది ఉన్నట్టు చేస్తే ఆటగాడు కొండ కింద నెలల తరబడి కూర్చోవాలి, అలాంటి ఆట ఎవరూ ఆడరు. ఆడించడం కోసం పది నిమిషాల్లో కోట పడేలా చేస్తే, దానికి కృష్ణగిరి అని పేరెందుకు? చరిత్రకూ ఆటకూ మధ్య ఎప్పుడూ ఉండే తగువంతా ఈ ఒక్క కొండ దగ్గర కనబడుతుంది.

మోడ్ అంటే తెలియని పాఠకులకు ఒక్క మాట. అమ్మకానికి వచ్చిన ఆట ఫైళ్లను అభిమానులు తెరిచి, పటాలూ సైన్యాలూ నియమాలూ మార్చి, చాలావరకు ఉచితంగా పంచిపెట్టేదే మోడ్. హోసూరులో రోజూ బెంగళూరు రైలెక్కి సాఫ్ట్‌వేర్ పనికి పోయే కుర్రవాళ్లకు ఈ పని చేసే నేర్పు ఉంది. వాళ్ల ఇళ్ల కిటికీల్లోంచి కనబడే కొండల మీద నాలుగు మైసూరు యుద్ధాల ఆనవాళ్లున్నాయి. అందుకే ఈ ప్రశ్నను ఇక్కడి నుంచి చూడాలనిపించింది. నిజమూ ఆటా తక్కెడలో రెండు సిబ్బెలని, ఒకటి బరువెక్కితే రెండోది తేలిపోతుందని చాలామంది నమ్మకం. నేనది ఒప్పుకోను. ఆనాటి సేనానుల చేతులు కట్టేసిన ఇబ్బందులే ఆటలో మంచి నిర్ణయాలవుతాయి. మోడ్ చేసేవాళ్లు తమ శ్రమను ఆ ఇబ్బందుల మీద పెట్టకుండా యూనిఫారం గుండీల మీద పెట్టడం వల్లే తక్కెడ మాట పుట్టింది.

ఈ వాదన కంప్యూటర్ల కంటే పాతది. 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్విట్జ్, తన తండ్రి మొదలుపెట్టిన యుద్ధపు ఆటను కొలతలున్న పటాలతో, పాచికలతో, నష్టాల పట్టికలతో పూర్తి చేశాడు. అందులో అందమంతా మధ్యవర్తి దగ్గర ఉంది. ఇద్దరు సేనానులూ ఒకరి బలగం ఒకరికి కనబడకుండా ఆడతారు. ఆజ్ఞలు మధ్యవర్తి ద్వారానే పోతాయి, కబురు చేరడానికి పట్టే సమయమూ లెక్కలోకి వస్తుంది. అయితే పట్టికలు పెరిగేకొద్దీ ఆట కుంటుపడింది. 1876లో వెర్డీ దు వెర్నువా అనే మరో ప్రష్యా అధికారి, ఆ పట్టికలన్నీ పక్కనపెట్టి, యుద్ధం చూసిన మధ్యవర్తి తీర్పు మీదే ఆట నడపాలని రాశాడు. అంటే కచ్చితమైన లెక్కలా, ఆడే వీలా అన్న పంచాయితీ అప్పటికే ముదిరింది. ఇద్దరూ వదులుకోనిది ఒకటుంది: సేనానికి అన్నీ తెలియకూడదు.

బల్ల మీద ఆడే యుద్ధపు ఆటల్లో లెక్కల పిచ్చి ఎంతదూరం పోగలదో 1979లో వచ్చిన ‘ద కాంపెయిన్ ఫర్ నార్త్ ఆఫ్రికా’ చూపించింది. రిచర్డ్ బెర్గ్ తయారు చేసిన ఆ ఆటను పూర్తిగా ఆడాలంటే వెయ్యి గంటలు పైమాటే. ఎడారిలో ఇటలీ దళాలకు పాస్తా ఉడకబెట్టుకోవడానికి అదనంగా నీళ్లు కేటాయించాలన్న నియమం వల్ల దానికి పెద్ద పేరొచ్చింది. నిజానికి ఆ సైనికులు డబ్బాల్లో వచ్చిన టమాటా సాస్‌తోనే వండుకునేవారని బెర్గే తర్వాత చెప్పాడు. చరిత్ర పేరుతో ఆటగాడి నెత్తిన మోపిన బరువు చరిత్ర కూడా కాలేదన్నమాట. నీళ్ల లెక్క ఉండటం తప్పేమీ కాదు, ఎడారి యుద్ధం నీళ్ల మీదే నడిచింది. ఆ లెక్క వల్ల ఆటగాడు ఆలోచించాల్సింది ఏమిటన్నదే పట్టించుకోవాల్సిన సంగతి. పాస్తా నియమం అతన్ని ఏమీ ఆలోచించనివ్వదు, ఒక గీత గీసుకోమంటుంది అంతే.

కంప్యూటర్ వచ్చాక ఆ గీతలు గీసే పని యంత్రానికి పోయింది. దాంతో మోడ్‌లు రెండు దారులు పట్టాయి. ఒక దారిలో ‘రోమ్: టోటల్ వార్’ మీద వచ్చిన ‘యూరోపా బార్బరోరమ్’ ఉంది. అసలు ఆటలో ఈజిప్టు సైన్యం వేల ఏళ్లనాటి ఫారోల వేషంలో ఉంటుంది. కథా కాలానికి అక్కడ ఏలుతున్నది గ్రీకు మూలాలున్న టోలమీలు. మోడ్ చేసినవాళ్లు దాన్ని సరిదిద్దారు, క్రీ.పూ. 272 నుంచి ఆట మొదలుపెట్టారు, దళాల పేర్లు ఆయా జాతుల భాషల్లోనే పెట్టారు, ఏడాదికి నాలుగు టర్న్‌లు, అంటే ఆటగాడికి నాలుగు వంతులు, చేశారు. నాకు ఆ పనిమీద గౌరవం ఉంది. వాటన్నిటిలో ఆటను నిజంగా మార్చింది ఆ నాలుగు టర్న్‌లే, ఎందుకంటే చలికాలంలో దండు కదపాలా వద్దా అన్న ప్రశ్న అప్పుడే పుడుతుంది. ‘హార్ట్స్ ఆఫ్ ఐరన్’ మీద వచ్చిన ‘బ్లాక్ ఐస్’ ఇదే దారిలో ఇంకా ముందుకు పోయి, రెండో ప్రపంచయుద్ధపు ఆయుధాల రకాలనూ కర్మాగారాలనూ గుట్టలు గుట్టలుగా చేర్చింది. ఓపిక ఉన్నవాళ్లకు అదొక విందు. కొత్తగా వచ్చినవాడు మాత్రం మెనూల్లోనే తప్పిపోతాడు.

రెండో దారిలో ‘ఎంపైర్: టోటల్ వార్’ మీద నిక్ థొమాడిస్ చేసిన ‘డార్త్‌మోడ్’. అతను దుస్తుల జోలికి పెద్దగా పోలేదు. కంప్యూటర్ సేనాని తీరు, సైనికుల ధైర్యం సడలే పద్ధతి, కాల్పుల దూరం, పోరు సాగే వేగం మార్చాడు. దాంతో 18వ శతాబ్దపు తుపాకీ పోరు కొంచెం ఆ శతాబ్దపు పోరులా అనిపించింది. తర్వాత అతను ‘అల్టిమేట్ జనరల్: గెటిస్‌బర్గ్’ ఆటను రూపొందించాడు. నాకు ఈ రెండో దారే నచ్చుతుంది. కంటికి కనబడే నిజం కంటే చేతికి తగిలే నిజం ఆటలో ఎక్కువ కాలం నిలుస్తుంది.

అదే ‘ఎంపైర్’ మన ప్రాంతాన్ని ఎలా చూసిందో గమనించండి. 2009లో వచ్చిన ఆ ఆటలో భారతదేశం ఒక ప్రత్యేక యుద్ధరంగం. భారతీయ పక్షాల్లో ఆటగాడికి మామూలుగా దొరికేది మరాఠాలే. మొఘలులతో సహా మిగతావాళ్లు కంప్యూటర్ చేతిలో ఉంటారు, వాళ్లను ఆడాలంటే మోడ్ కావాలి. ఏడాదికి రెండే టర్న్‌లు. 1791 మేలో కంపెనీ సేనాని కార్న్‌వాలిస్ మైసూరు రాజధాని శ్రీరంగపట్నం ముందు నుంచి వెనుదిరగడం, జూలైలో హోసూరు, రాయకోట పట్టుకోవడం, అక్టోబరులో నందిదుర్గం, నవంబరులో కృష్ణగిరి దగ్గర దెబ్బతినడం, డిసెంబరులో సావనదుర్గం, ఇదంతా అక్కడ ఒకటి రెండు నొక్కుల్లో అయిపోతుంది. అంకెల్లో ఏ పొరపాటూ లేకపోయినా, కాలాన్ని ఇంత పెద్ద ముక్కలుగా కోస్తే ఆ యుద్ధం జల్లెడలో నిలవదు.

సమతూకం కోసం చరిత్రను వంచిన ఉదాహరణ తెలుగువాళ్లకు ఇంకా దగ్గర్లో ఉంది. ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’కు 2022 ఏప్రిల్‌లో వచ్చిన ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’ దక్షిణాది మొత్తాన్ని ‘ద్రవిడులు’ అన్న ఒక్క పక్షంలో కుదించింది. వాళ్లకు పదాతి బలం, నౌకాబలం, ఉక్కు విద్య ఇచ్చింది. గుర్రపుశాల మాత్రం బలహీనం. చోళుల సముద్రయానానికి ఇది సరిపోవచ్చు. అదే పక్షంతో విజయనగరం ఆడబోతే? విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. గుర్రాల కోసం ఓరుగల్లు, విజయనగరం, బహమనీలు తీరప్రాంతపు బేరాలతో తలమునకలయ్యారు. డిజైనర్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. అప్పటికి నలభై చిల్లర పక్షాలున్న ఆటలో ప్రతి పక్షానికీ ఒక లోటు ఉండాలి, లేకపోతే అన్నీ ఒకేలా ఉంటాయి. లోటు పెట్టాల్సిందే గానీ సరైన చోట పెట్టాలి. దక్కన్‌లో మేలుజాతి గుర్రాలు పుట్టవు, అరేబియా, పారశీకాల నుంచి ఓడల్లో రావాలి. మంచి గుర్రపుదళం ఇచ్చి, దాన్ని రేవుల మీద ఆధారపడేలా చేస్తే ఆట బలహీనపడేది కాదు. రేవు పోతే గుర్రం పోతుంది. భట్కల్, గోవాల గురించి ఆటగాడు రాయలవారిలాగే బెంగపడేవాడు.

సమతూకం అంటే ఇద్దరి చేతుల్లోనూ ఒకే బలగం ఉండటం కాదని మన ఊళ్లలో రచ్చబండల మీద ఎప్పటినుంచో తెలుసు. పులిజూదంలో పులులు మూడు, మేకలు పదిహేను. పులి దూకి చంపుతుంది, మేక చంపలేదు. మేకలు దారులు మూసి పులిని కదలకుండా చేస్తాయి. బలాలు వేరు, గెలిచే దారులు వేరు, అయినా చెయ్యి తిరిగిన ఇద్దరు కూర్చుంటే ఎవరు నెగ్గుతారో చెప్పలేం. మైసూరు యుద్ధాలు సరిగ్గా ఈ కోవలోవి. కంపెనీకి కవాతు నేర్చిన పదాతి, సముద్రం, అప్పు పుట్టించే మద్రాసు ఉన్నాయి. మైసూరుకు వేగమున్న గుర్రపుదళాలు, కొండకోటలు, సొంత నేల ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా ఎద్దులున్నాయి.

ఎద్దుల దగ్గర కాసేపు ఆగాలి. బారామహల్ యుద్ధాలను నడిపింది అవే. మోత ఎద్దు వీపున పట్టేది డెబ్బై కిలోల చుట్టుపక్కల. ముట్టడి ఫిరంగి ఒక్కదాన్ని లాగడానికి పదుల జతలు కట్టాలి, కనుమ ఎక్కేటప్పుడు వెనక నుంచి ఏనుగు తోయాలి. ఎద్దు తినే మేత ఎద్దే మోయాలంటే కుదరదు, దారిలో పచ్చిక దొరకాలి. ఎదుటివాడి గుర్రపుదళం దారి పొడవునా గడ్డి తగలబెడితే ఫిరంగులు ఎక్కడివక్కడే నిలిచిపోతాయి. 1791 మేలో కార్న్‌వాలిస్‌కు జరిగింది అదే. అరికెర దగ్గర పోరు గెలిచాడు, శ్రీరంగపట్నం కనుచూపు మేరలో ఉంది. కానీ వానలు పడ్డాయి, పశువులకు జబ్బు తగిలింది, మేత లేదు. ముట్టడి ఫిరంగులను తన చేతులతోనే ధ్వంసం చేసి వెనక్కి మళ్లాడు. పోరు గెలిచినవాడు యుద్ధం నుంచి వెనుదిరిగాడు. ఏ ఆటలోనైనా ఇంతకంటే మంచి మలుపు ఉంటుందా?

ఆ తర్వాతే హోసూరు కథలోకి వస్తుంది. జూలైలో కంపెనీ దండు దగ్గరపడగానే మైసూరు కాపలా దళం హోసూరు కోటను విడిచిపోయింది. మేజర్ గౌడీ రాయకోట కింది కోట పట్టాడు, పైకోట లొంగింది. ఈ రెంటి కోసం ఎందుకంత తాపత్రయం అంటే, కర్ణాటిక్ మైదానం నుంచి ధాన్యమూ పశువులూ పీఠభూమికి ఎక్కే కనుమ దారి వీటి అదుపులో ఉంది. ధాన్యం మోసి అమ్ముకునే లంబాడీల ఎద్దుల బారులు దండుకు చేరాయి. 1799లో కంపెనీ జనరల్ హ్యారిస్ కూడా ఈ వైపు నుంచే, రాయకోట మీదుగా, మార్చి 5న మైసూరు నేలలో అడుగుపెట్టాడు. వెంట లక్షకు పైగా ఎద్దులు. ఈ రోజుల్లో కారులో ఒక పూటలో పోయే దూరానికి ఆ దండుకు నెల పట్టింది. ఏప్రిల్ 5న శ్రీరంగపట్నం చేరాడు, మే 4న కోట పడింది.

మైసూరు వైపు, దాన్ని ఏలిన హైదర్ అలీ, అతని కొడుకు టిప్పు సుల్తాన్ పోషించిన అమృతమహల్ పశువులు దండుకు వేగం ఇచ్చాయి. తర్వాత కంపెనీ సేనానులు ఆ మందల కోసం ఆరాటపడ్డారంటే కారణం అదే. ఈ సీమలోని ఆలంబాడి ఎద్దు కూడా బరువు లాగడానికి పేరుపడిందే. హోసూరు పక్కన మత్తిగిరి పశుక్షేత్రాన్ని 1824లో మొదలుపెట్టింది సైన్యానికి గుర్రాలు పెంచడానికే. ఇన్ని ఆనవాళ్లున్న చోట పుట్టిన మోడ్‌లో తుపాకుల రకాలు పదిహేను ఉండి ఎద్దు ఒక్కటీ లేకపోతే అది పెద్ద లోపమే.

దీన్ని ఆడేలా చేయడం ఎలా? ప్రతి ఎద్దునూ లెక్కించమని నేననను, ఆ దారి పాస్తా నీళ్ల దగ్గరికే పోతుంది. దండుకు మూడు అంకెలు చాలు: ఇన్ని రోజుల ధాన్యం, ఇన్ని రోజుల మేత, లాగగలిగే ఫిరంగులు ఇన్ని. పటం మీద ప్రతి గడికీ పచ్చిక ఎంతో ఒక రంగు. తగలబెట్టిన గడి వానలు పడేదాకా కోలుకోదు. తన రాజ్యపు పచ్చికను తానే కాల్చుకోవాలా అన్నది మైసూరు ఆటగాడి మీద పడే ప్రశ్న. ఫిరంగులు వదిలేసి త్వరగా పోవాలా, వాటితో పాటు నత్తనడక నడవాలా అన్నది కంపెనీ ఆటగాడిది. రెండూ ఆనాటి సేనానులను నిద్రపోనివ్వని ప్రశ్నలే.

కృష్ణగిరి చిక్కు కూడా ఇక్కడే విడిపోతుంది. కోట ముందు ఆటగాడిని నెలలు కూర్చోబెట్టనక్కర్లేదు, కాలాన్ని ధరగా చూపిస్తే చాలు. దిగ్బంధానికి ఒక పటాలాన్ని వదిలేస్తే కోట ఎప్పటికో లొంగుతుంది, కానీ ఆ పటాలం ఇంకెక్కడా ఉండదు. రాత్రి దాడి ఒక్కసారి చేయవచ్చు. కింది కోట నుంచి పారిపోయేవాళ్లతో కలిసి గుమ్మంలో దూరగలిగితే సరే, లేకపోతే రాళ్లే. మాక్స్‌వెల్ వేసిన పందెం అదే. కొండ పైన వాననీళ్ల గుంటలున్నాయి. వాటిలో నీళ్లు ఎంత ఉన్నాయో బయటివాడికి తెలియకూడదు.

తెలియకపోవడం అన్నది నిజం పేరుతో మోడ్‌లు తరచూ మరిచే సంగతి. కార్న్‌వాలిస్ ఫిరంగులు ధ్వంసం చేసిన కొద్ది రోజులకే మిత్రపక్షమైన మరాఠా దండు ధాన్యంతో, పశువులతో వచ్చి కలిసింది. వాళ్లు అంత దగ్గర్లో ఉన్నారని అతనికి తెలియదు. మైసూరు గుర్రపు రౌతులు కబురు తెచ్చే మనుషులను దారిలోనే పట్టుకున్నారు. మిత్రుల సైన్యాలు పటం మీద ఎప్పుడూ వెలుగుతూ కనబడే ఆటలో ఈ ఘటన జరిగే అవకాశమే లేదు. మిత్రుడి జాడ కూడా కబురు వస్తేనే తెలిసేలా చేస్తే, మైసూరు గుర్రపుదళానికి కొత్త అంకెలేవీ ఇవ్వకుండానే దాని అసలు బలం వచ్చేస్తుంది. రెండు వందల ఏళ్ల కిందట ప్రష్యాలో మధ్యవర్తి చేసిన పని ఇదే.

రాకెట్ల సంగతి దీనికి దగ్గరిదే. టిప్పు రాకెట్లంటే అందరికీ అభిమానం. 2018లో శివమొగ్గ జిల్లా నగర దగ్గర ఒక పాత బావిలో వెయ్యికి పైగా బయటపడ్డాయి. ఇనుప గొట్టంలో మందు కూరడం వల్ల అవి అంతకుముందటి వాటికంటే దూరం పోయేవి. ఇంగ్లండులో కాంగ్రీవ్ రాకెట్లకు స్ఫూర్తి అవే. కానీ గురి తక్కువ. దెబ్బతీసే అంకె నిజానికి దగ్గరగా పెడితే ఆటగాడు వాటిని కొనడు, పెంచితే 18వ శతాబ్దంలో క్షిపణి దళం తయారవుతుంది. మోడ్ చేసేవాళ్లు ఈ రెండు కొసల మధ్య ఏళ్ల తరబడి అంకెలు దిద్దుతుంటారు. అంకె దిద్దడం మాని, రాకెట్ ఎవరిని ఏం చేసిందో చూడాలి. 1799 ఏప్రిల్ 5 రాత్రి సుల్తాన్‌పేట తోపులో వెల్లెస్లీ దళం చీకట్లో రాకెట్ల మధ్య చెల్లాచెదురైంది. కాబోయే డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అక్కడినుంచి దారి తప్పి వెనక్కి వచ్చాడు. చంపినవాళ్ల సంఖ్య కంటే బెదిరిన గుర్రాలు, చెదిరిన వరుసలు ముఖ్యం. రాకెట్ ప్రభావాన్ని ప్రాణాల మీద కాకుండా ధైర్యం మీదా పశువుల మీదా పెడితే, దానికి సరైన లక్ష్యాలు రాత్రిపూట ఎద్దుల బారు, తోపులో దూరిన దళం అవుతాయి. చరిత్రలో జరిగినదీ అదే.

గెలుపోటముల సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. టిప్పు గెలిచే వీలుండాలా? ఉండాలి, లేకపోతే ఆట సినిమా అవుతుంది. ‘హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4’ ఆరంభంలోనే కంప్యూటర్ దేశాలు చరిత్ర దారిలో నడవాలా, తమ దారిన పోవాలా అని ఆటగాణ్నే అడుగుతుంది. దాని మీద వచ్చిన ‘కైసర్‌రైక్’ మోడ్ మొదటి ప్రపంచయుద్ధం జర్మనీ గెలిచిందనుకుని, భారతదేశాన్ని మూడు ముక్కలుగా చూపిస్తుంది. అయినా ఆ లోకం తన నియమాలకు తాను కట్టుబడి ఉంటుంది కాబట్టి నమ్మబుద్ధేస్తుంది. ఫలితం తెరిచి ఉంచండి, ఇబ్బందులు మాత్రం గట్టిగా బిగించండి.

కష్టమైన భాగం వేరే ఉంది. యుద్ధంలో ఆయుధం పట్టనివాళ్లను ఏం చేయాలి?

హోసూరుకు దగ్గర్లోనే బాగలూరు. 1768 నవంబరులో హైదర్ హోసూరును ముట్టడించాడు. దాన్ని కాపాడటానికి వస్తున్న కర్నల్ వుడ్ తన రెండు పెద్ద ఫిరంగులనూ సామానునూ బాగలూరులో వదిలి ముందుకు పోయాడు. హైదర్ పక్కనుంచి తప్పుకుని వచ్చి బాగలూరు మీద పడ్డాడు. పేటలోని జనమూ, దండు వెంట వచ్చిన కూలీలూ, ఎద్దులూ, ఒంటెలూ ఒక్కసారిగా కోట గుమ్మం వైపు తోసుకొచ్చాయి. లోపలివాళ్లు గుమ్మం మూశారు. ఆ తొక్కిసలాటలో చనిపోయినవాళ్లు రెండు వేల దాకా ఉంటారని మైసూరులో కంపెనీ రెసిడెంటుగా ఉండి చరిత్ర రాసిన మార్క్ విల్క్స్ లెక్క. ఫిరంగులు రెండూ హైదర్ పట్టుకుపోయాడు. ఆటల లెక్కలో ఇది ‘రెండు ఫిరంగుల నష్టం’.

పెద్ద కంపెనీలు ఈ చోట మౌనం ఎంచుకున్నాయి. ‘హార్ట్స్ ఆఫ్ ఐరన్’ తయారీదారులు యూదుల ఊచకోత వంటివి ఆటలో పెట్టబోమని విధానంగా పెట్టుకున్నారు. ఆటగాడి చేతికి అలాంటి మీట ఇవ్వకూడదన్న వాదనలో న్యాయం ఉంది. కానీ మౌనానికీ ఒక ఫలితం ఉంటుంది. ఆ ఆటలో చమురు, రబ్బరు, ఉక్కు, అల్యూమినియం లెక్కలుంటాయి, బియ్యం లెక్క ఉండదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డాయి. బర్మా పోయాక అక్కడి బియ్యం ఆగింది. 1943లో బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో చనిపోయారు. బియ్యం లెక్క లేని ఆటలో ఇండియా ముందుగా ఒక సైనికుల గనిలా కనబడుతుంది. మీట ఇవ్వనక్కర్లేదు. తీసుకున్న నిర్ణయానికి జనం చెల్లించిన ధర చూపిస్తే చాలు. బాగలూరు గుమ్మం విషయంలోనూ అంతే: తెరిస్తే జనంతో పాటు శత్రువు దూరవచ్చు, మూస్తే జనం బయట ఉంటారు. ఆ నిర్ణయం ఆటగాడు తీసుకోవాలి. దానికి అదనపు పాయింట్లు ఉండకూడదు. పచ్చిక కాల్చిన ఊళ్లలో తర్వాతి ఏడు శిస్తు రాదు, మనుషులూ ఉండరు. ఆ ఖాళీ పటం మీద కనబడాలి.

ఎవరి కుర్చీలో కూర్చోబెడుతున్నామన్నది కూడా నిజంలో భాగమే. కోల్ వెర్లీ చేసిన బల్ల ఆట ‘జాన్ కంపెనీ’లో ఆటగాళ్లు సేనానులు కారు, లండన్‌లో లాభాల కోసం, పదవుల కోసం పోటీపడే కుటుంబాలు. మద్రాసు, మైసూరు, హైదరాబాద్ వాళ్ల లెక్కల పుస్తకంలో వరుసలు. చూపు ఎక్కడినుంచో మార్చగానే దోపిడీ ఎలా నడిచిందో తెలిసిపోతుంది. 2019లో బ్రూస్ మాన్స్‌ఫీల్డ్ తెచ్చిన ‘గాంధీ’ అనే ఆట, తుపాకీ పట్టని ఉద్యమాన్నీ ఒక పక్షంగా ఆడించవచ్చని చూపింది. బారామహల్ మోడ్‌లో కంపెనీ, మైసూరు మాత్రమే ఉంటే సరిపోదు. ఈ సీమ పాలెగాళ్లు ఎవరు గెలుస్తారో చూసి పక్షం మార్చారు. లంబాడీ నాయకుడు ధర ఎక్కువ ఇచ్చిన దండుకు ధాన్యం అమ్మాడు. కంపెనీ మద్రాసు సిపాయిల్లో తెలుగువాళ్లు చాలామంది, నిజాం దండులోనూ ఉన్నారు. పటం మీద భాషల వారీగా రంగులు పులిమితే ఈ సంగతులన్నీ చెరిగిపోతాయి.

టిప్పు మీద ఇప్పటి రాజకీయాల గొడవ తప్పదు. కర్ణాటక ప్రభుత్వం 2015లో టిప్పు జయంతి మొదలుపెట్టింది, 2019లో మరో ప్రభుత్వం ఆపేసింది. మోడ్‌లో అతన్ని దేవుణ్ని చేసినా, రాక్షసుణ్ని చేసినా ఒక వర్గం చప్పట్లు కొడుతుంది. కొడగు నుంచి, మంగళూరు నుంచి జనాన్ని బందీలుగా తరలించడమూ, శ్రీరంగపట్నం పడ్డాక కంపెనీ సైన్యం చేసిన లూటీ కూడా జరిగినవే. రెండూ ఆటలో ఉండాలి, ఒకదాన్ని దాచడానికి రెండోదాన్ని వాడకూడదు.

ఇంతకీ పని ఎక్కడ మొదలుపెట్టాలి? బొమ్మల కోసం వెతుక్కోనక్కర్లేదు. 1792లో ఇంగ్లీషు చిత్రకారులు డేనియల్ ద్వయం ఈ దారుల వెంట తిరిగి రాయకోట వంటి కొండకోటలను చిత్రించింది. కష్టమంతా అంకెల్లో ఉంది, అదృష్టం కొద్దీ వాటికీ ఆధారముంది. 1792లో బారామహల్ చేతికి రాగానే కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, అతని కింద థామస్ మన్రో ఏడేళ్లపాటు ఊరూరా తిరిగి పొలాలు, శిస్తులు, పంటలు, వృత్తులు రాయించారు. రైత్వారీ పద్ధతి పురుడు పోసుకున్నది ఆ పనిలోనే. ఆ కాగితాలను మద్రాసు ప్రభుత్వం తర్వాత ‘బారామహల్ రికార్డ్స్’గా అచ్చు వేసింది. ఏ తాలూకాలో ఎంత పండేదో, ఏ ఊరు ఎంత శిస్తు కట్టేదో వాటిలో చూసి, 1791 మే నుంచి 1792 మార్చి దాకా పది నెలలకు, హోసూరు, రాయకోట, కృష్ణగిరి, జగదేవి, కనుమ దారులున్న ఒక చిన్న పటం చాలు. వారానికొక టర్న్. తుపాకుల పట్టిక చివర్న చూసుకోవచ్చు. మొదటి పట్టికలో ఏ గడిలో ఏ నెల ఎన్ని ఎద్దులకు మేత దొరుకుతుందో ఉండాలి.